బావ అడుగు, బామ్మర్ది ముల్లు

ఆ సర్వే ఆఫీసులో ఆయన్ని అందరూ బావ అనే పిలుస్తారు. నిజానికి ఆయన బావ అయ్యేది ఒక్కడికే, దిక్సూచి పట్టుకుని ఆయన వెనకాల నడిచే మనిషికి. కానీ వాడు రోజుకి నూటపదిసార్లు బావా, బావా అంటుంటే విని విని గుమాస్తాలకీ అదే అలవాటైంది, క్యాంటీన్ వాడికీ అదే అలవాటైంది. ఒకసారి ఆఫీసరమ్మ కూడా నోరు జారి బావా అని పిలిచేసి, ఆ పూటంతా గది తలుపు వేసుకుని కూర్చుందంటారు.

బావ ఉద్యోగం నడవడం. అవును, నడిచినందుకే జీతం. అడవిలో, తుప్పల్లో, టేపు లాగడానికి వీల్లేని చోట దూరం కొలవాలంటే అడుగులు లెక్కపెట్టడమే దారి. ఎడమకాలు నేల మీద పడ్డప్పుడల్లా ఒకటి. అలాంటి అడుగు బావకి సరిగ్గా మీటరున్నర మీద పది సెంటీమీటర్లు. ఎండ కాసినా అంతే, బురదగా ఉన్నా అంతే. ఆరువందల ఇరవై అయిదు లెక్కపెడితే కిలోమీటరు. నూరు అడుగులైనప్పుడల్లా కుడిజేబులోంచి ఒక చొక్కా గుండీ తీసి ఎడమజేబులో వేసుకుంటాడు, లెక్క తప్పకుండా.

ఆ అడుగు గురించి జనం చెప్పుకునేవి వింటే నవ్వాలో నమ్మాలో తెలియదు. వంతెన ఒకటి ఇటునుంచీ అటునుంచీ కట్టుకొస్తే మధ్యలో జానెడు తేడా వచ్చిందట. ఇంజనీర్లు రెండు జట్లై కొట్టుకునే దాకా వెళ్తే, బావని పిలిపించి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒక్కసారి నడిపించి, తప్పు ఎవరిదో తేల్చారట. కూతురు పుట్టిన రోజున ఆస్పత్రి వరండాలో పచార్లు చేసి చేసి, నర్సు వచ్చి ఆడపిల్ల అని చెబితే, "ఏడు కిలోమీటర్ల మూడొందలు" అన్నాడట. ఇక నిద్రలో మంచం మీదే కాళ్ళు ఆడిస్తూ రెండు కిలోమీటర్లు నడుస్తాడని ఆయన భార్యే చెబుతుంది. దుప్పట్లు చిరగడానికి ఆమె చెప్పే కారణం అది.

అంచేత ఆఫీసులో ఎవరి లెక్కలోనైనా తప్పుంటుంది గానీ బావ అడుగులో ఉండదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. గోడ ఉన్నట్టు, తలుపు ఉన్నట్టు, అదీ అలా ఉంది.

ఈసారి పని పాత హద్దురాళ్ళు వెతకడం. నలభై ఏళ్ళ కిందట ఎవరో తుప్పల అడవిలో మూడు రాళ్ళు పాతి, ఒక్కొక్కటి ఏ సర్వే స్తంభం నుంచి ఏ దిక్కున ఎంత దూరమో పటం మీద రాసి వెళ్ళిపోయారు. రాయి అంటే మోకాలెత్తు కూడా ఉండదు, నెత్తి మీద కూడిక గుర్తు చెక్కి ఉంటుంది. దాని చుట్టూ గడ్డీ కంపా రొమ్ముదాకా పెరిగాయి. పది అడుగుల దూరంలో నిలబడ్డా కనపడదు. దిక్కు బామ్మర్ది పట్టాలి, దూరం బావ నడవాలి, రెండూ కలిసిన చోట రాయి ఉండాలి.

మొదటి రాయి దొరకలేదు. నాలుగు రోజులు కంపలో పడి వెతికి, చేతులు గీరుకుపోయి ఉత్తచేతులతో తిరిగొచ్చారు. రెండో రాయీ దొరకలేదు. అప్పుడు ఆఫీసరమ్మ ఇద్దర్నీ పిలిచింది. బావకి కుర్చీ వేసింది, బామ్మర్దిని నిలబెట్టింది. అక్కడే అర్థమైపోయింది తప్పు ఎవరి నెత్తిన పడబోతోందో.

ఆమె చెప్పింది తేలికే. పటంలో ఉత్తరం వేరు, దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం వేరు. ఆ ప్రాంతంలో ముల్లు మూడు డిగ్రీలు ఎడమకి ఒరిగి ఉంటుంది. కాబట్టి పటంలో ఉన్న అంకెకి మూడు కలిపి నడవాలి. కలపాల్సింది తీసేస్తే ఆరు డిగ్రీలు పక్కకి పోతారు, రెండు కిలోమీటర్లు నడిచేసరికి రాయి ఎక్కడో, మనం ఎక్కడో. నువ్వు తీసేస్తున్నావేమో చూసుకో, అంది. మూడో రాయి కూడా దొరక్కపోతే దిక్సూచి రెండో జట్టుకి ఇచ్చేసి, నువ్వు మళ్ళీ రంగుల గదికి వెళ్ళు, అంది.

రంగుల గదంటే బామ్మర్దికి ప్రాణం పోయినంత పని. దిక్సూచి చేతికి రాకముందు తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాడు. పటాల మీద చెరువులకి నీలం, అడవులకి ఆకుపచ్చ పూసి పూసి, వాడికి కలలు కూడా ఆ రెండు రంగుల్లోనే వచ్చేవి. కిటికీ లేని గది. బయటికొస్తే అసలు ఆకాశం వెలిసిపోయినట్టు కనపడేదట.

మూడో రాయికి బయలుదేరే ఉదయం వంటింట్లో బావ ముక్కాలిపీట మీద కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. ఈ మూడు నెలలుగా అలసట పడుకుంటే పోవడం లేదు. లేచేసరికి మంచం పక్కనే చెప్పుల్లా సిద్ధంగా ఉంటోంది. భార్య డబ్బాల్లో తిండి సర్దుతూ ఆయన వైపు చూడకుండానే మాట్లాడింది.

"మావాడు నిన్న ముద్ద ముట్టలేదండీ. ఏమన్నా చూసి పెట్టండి."

"నేనేం చూడను? ముల్లు వాడి చేతిలో ఉంది."

"మీరు ముందు నడుస్తారుగా."

ఆయన గుడ్డ గట్టిగా లాగి ముడివేశాడు.

ముందుగదిలో బామ్మర్ది వేరే రకం తయారీలో ఉన్నాడు. ఇనుము దగ్గరుంటే ముల్లు పక్కకి లాగుతుందని, ఒంటి మీద ఇనుమన్నది లేకుండా చేసుకుంటున్నాడు. బెల్టు తీసేసి ప్యాంటుకి తాడు కట్టాడు. తాళాలు అక్కకి ఇచ్చేశాడు. కళ్ళజోడు ఫ్రేము అనుమానంగా ఉందని దారంతో కట్టిన పాత ప్లాస్టిక్ జోడు పెట్టుకున్నాడు. బావ వాడిని పైనుంచి కిందిదాకా చూసి, రక్తంలో కూడా ఇనుము ఉంటుందట, అది కూడా ఇక్కడే పెట్టి రా, అన్నాడు. వాడు నవ్వలేదు. అప్పుడు బావకి కొంచెం భయం వేసింది. బామ్మర్ది బావ మాటకి నవ్వలేదంటే సంగతి ముదిరినట్టే.

స్తంభం దగ్గర ఇద్దర్నీ జీపు దింపి, ఆఫీసరమ్మ తను అక్కడే ఉంటానంది. ఒక వాకీటాకీ వాళ్ళకిచ్చి ఒకటి తన దగ్గర ఉంచుకుంది. పటంలో దిక్కు అరవై నాలుగు. మూడు కలిపితే అరవై ఏడు. బామ్మర్ది నోటితో కలిపాడు, వేళ్ళ మీద కలిపాడు, పుస్తకంలో రాసి కలిపాడు. దూరం రెండువేల నాలుగొందల మీటర్లు, అంటే బావ లెక్కలో పదిహేను వందల అడుగులు, పదిహేను గుండీలు.

ఇక నడక మొదలు. బామ్మర్ది దిక్సూచిని గుండెకి ఆనించి పట్టుకుని, ముల్లు నిలకడయ్యేదాకా ఊపిరి బిగబట్టి, గీతకి ఎదురుగా దూరంగా ఒక చెట్టో పుట్టో చూసి చెబుతాడు. బావ దాన్ని చూసుకుంటూ లెక్కపెడుతూ వెళ్ళి దాని దగ్గర ఆగుతాడు. వాడు వచ్చి మళ్ళీ ముల్లు చూస్తాడు. మళ్ళీ ఇంకో పుట్ట. దారికి అడ్డంగా గొయ్యి వస్తే కుడికి తిరిగి అడుగులు లెక్కపెట్టి, గొయ్యి దాటి, మళ్ళీ అన్నే అడుగులు ఎడమకి వేసి గీత మీదకి రావాలి. చెప్పడానికి రెండు ముక్కలే గానీ, రెండు చేతులతో కంప విడదీస్తూ, నోట్లో అంకె జారకుండా, ఎండలో అలా వెళ్తుంటే తల ప్రాణం తోకకి వస్తుంది. మోకాలు ప్రతి అడుక్కీ తన మాట తను చెబుతోంది. బావ దాని మాట వినకుండా అంకెలు ఇంకొంచెం గట్టిగా అనుకున్నాడు.

దారిలో ఒక పెద్ద నల్లబండ వచ్చింది, కూర్చున్న గేదెలా. పటంలో కూడా ఉంది. గీత దాని ఎడమ అంచుని రాసుకుంటూ పోతుంది. వీళ్ళూ సరిగ్గా ఎడమ అంచునే రాసుకుంటూ వచ్చారు, బావ భుజం బండకి తగిలింది కూడా. బామ్మర్ది ముఖంలోకి ఆ రోజు మొదటిసారి నెత్తురు వచ్చింది. గీత మీదే ఉన్నాం బావా, అంటూ బండని చేత్తో నిమిరాడు, సొంత గేదె అన్నట్టు. లెక్క ఎంతని అడిగాడు. వెయ్యి అరవై ఏడు అని చెప్పాడు బావ. వాడు పుస్తకంలో రాసుకుని, పదపద అన్నాడు.

పదిహేనో గుండీ ఎడమజేబులో పడింది. బావ ఆగాడు. రాయి లేదు.

మొదట ఇద్దరూ తొందరపడలేదు. కంప తొలగించి చుట్టూ ఇరవై అడుగుల మేర చూశారు. గడ్డి దుబ్బుల్లో చేతులు పెట్టి తడిమారు. తర్వాత కుడికి వెళ్ళారు, తర్వాత ఎడమకి వెళ్ళారు. ఎడమకి రెండొందల అడుగులు వెళ్ళి, అక్కడినుంచి కుడికి నాలుగొందలు వచ్చారు. పక్కకి తప్ప వేరే వైపు వెతకాలని ఒక్కరికీ తట్టలేదు. తప్పు దిక్కులో ఉంటే రాయి పక్కనే ఉంటుంది, దూరంలో తప్పు ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే దూరం నడిచింది బావ. ఎండ నడినెత్తికొచ్చి, అటువైపుకి జారింది. సీసాల్లో నీళ్ళు అడుగంటాయి. బావ ఒక పుట్ట మీద కూలబడ్డాడు. ఈ మూడు నెలల నడకా ఒక్కసారిగా మీద పడ్డట్టు అనిపించింది.

బామ్మర్ది కొంచెం అవతల పటం ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాడు. సంచిలోంచి స్కేలు తీశాడు. అది కూడా ప్లాస్టిక్‌దే. స్తంభం దగ్గర సున్నా పెట్టి, గేదె బండ దాకా కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. ఏదో గుణించాడు. పుస్తకం తీసి, పొద్దున రాసుకున్న వెయ్యి అరవై ఏడు పక్కన ఇంకో అంకె రాశాడు. చాలాసేపు ఆ రెండు అంకెల్నీ చూశాడు. ఆ తర్వాత తలెత్తి బావ కాళ్ళ వైపు చూశాడు. బావ తనని చూస్తున్నాడని తెలియగానే చూపు ఆకాశంలోకి తిప్పి, పుస్తకం మూసేశాడు.

బావకి చదువు రాదు గానీ అంకెలు వచ్చు. తలకిందులుగా ఉన్నా వచ్చు. వాడు రాసింది వెయ్యి.

స్తంభం నుంచి బండకి వెయ్యి అడుగులే. ఆయన వేసినవి వెయ్యి అరవై ఏడు.

బండ కదల్లేదు. పటం సాగలేదు. వెయ్యి అడుగులు పట్టే నేలకి వెయ్యి అరవై ఏడు పట్టాయంటే, అడుగు చిన్నదైంది. ఎప్పటినుంచో ఏమో. మోకాలు నొప్పి మొదలైనప్పటినుంచేనేమో. అంటే ఆయన ప్రతిసారీ రాయికి ఇవతలే ఆగిపోయి, ఇదిగో ఇక్కడే అని వేలు చూపిస్తే, ఇద్దరూ అక్కడే కంపలో పడి దొర్లారు. మొదటి రాయి దగ్గరా అంతే, రెండో రాయి దగ్గరా అంతే. బావ ముప్ఫై ఏళ్ళుగా చెప్పుల్లో కాలు పెట్టినంత ధీమాగా ఆ అడుగులో కాలు పెడుతున్నాడు.

ఈలోగా బామ్మర్ది వాకీటాకీ తీసి మీట నొక్కాడు.

"మేడం, రాయి లేదండీ. తప్పు నాదే. మూడు కలపాల్సింది తీసేశాను."

అటునుంచి కాసేపు గరగరమని చప్పుడు. తర్వాత ఆఫీసరమ్మ గొంతు. సరే, వచ్చేయండి, రేపు దిక్సూచి స్టోరులో అప్పజెప్పు, అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఆమె కూడా అలసిపోయింది.

వాడు పటం మడత పెడుతున్నాడు. మడతలు సరిగ్గా పడటం లేదు, విప్పి మళ్ళీ పెడుతున్నాడు. బావకి అన్నిటికన్నా సులువైన పని ఆ పుట్ట మీంచి లేచి, వెనక్కి తిరిగి, జీపు దాకా కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళిపోవడం. ఒక్క మాట కూడా అక్కర్లేదు. వాడు అబద్ధం ఆడేశాడు, అది అతికింది. ఇంటికెళ్ళి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవచ్చు. రేపటినుంచి వాడు చెరువులకి నీలం పూస్తాడు. రేపటినుంచి కూడా ఈయన బావే, అడుగు ఆ అడుగే. ఇంకో మనిషి ఈయన వెనకాల ముల్లు పట్టుకుని నడుస్తాడు, వాడికీ రాళ్ళు దొరకవు, వాడినీ ఇలాగే నిలబెడతారు.

బావ చేతులు మోకాళ్ళ మీద పెట్టి లేచాడు. లేవడానికి రెండుసార్లు పట్టింది.

"ముల్లు తియ్యరా. అదే అరవై ఏడు. ముందుకి నడుద్దాం."

"ముందుకేముంది బావా? కాలు వాచిపోయింది నీకు. పద, ఇంటికెళ్దాం."

"నువ్వు కొలవడం చూశాను."

బామ్మర్ది కాసేపు కళ్ళజోడు దారం సర్దుకున్నాడు. తర్వాత నేల మీద కంపతో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు. "కంపాసు పోతే నాకు రంగులైనా ఉన్నాయి బావా. అడుగు పోయిందని తెలిస్తే నీకేం మిగులుతుంది?"

"పోలేదురా. పొట్టిదైంది, అంతే. మనిషి వంగినప్పుడు అడుగు మాత్రం నిటారుగా ఉంటుందా?" ఆయన ఎడమకాలు విదిలించుకున్నాడు. "తియ్యి. ఇంకాసేపు కూర్చుంటే నేను మళ్ళీ లేవలేను."

వాడు దిక్సూచి తీసి గుండెకి ఆనించుకున్నాడు. ముల్లు ఊగి ఊగి నిలబడింది. ఎదురుగా ఎండిపోయిన మోడు ఒకటి చూపించాడు. బావ కంపలోకి దిగాడు. ఈసారి లోపల కాదు, పైకే లెక్కపెట్టాడు, వాడికి వినపడేలా. ఒకటి, రెండు, మూడు. గొంతు ఎండిపోయి నలభై దగ్గర మాట పెగల్లేదు. వెనకనుంచి బామ్మర్ది నలభై ఒకటి అన్నాడు. నలభై రెండు బావ అందుకున్నాడు. అరవై దగ్గర మోడు వచ్చింది. మళ్ళీ ముల్లు, మళ్ళీ ఒక దుబ్బు. ఎనభై. తొంభై. నూరు అయింది, ఏమీ లేదు. బావ ఆగి చుట్టూ చూశాడు. నోట్లో తడి లేదు. ఇది కూడా తప్పైతే ఇక ఎటు నడవాలో ఆయనకి తెలియదు. ఇంకో మూడు అడుగులు వేసి, నాలుగోది వేయబోతుంటే కుడికాలి బొటనవేలికి ఏదో ఠంగుమని కొట్టుకుంది.

ఆయన అక్కడికక్కడే కూర్చుండిపోయాడు. గడ్డి పీకితే రాయి. మట్టి తుడిస్తే నెత్తి మీద కూడిక గుర్తు, నలభై ఏళ్ళ దుమ్ముతో నిండిపోయి. బామ్మర్ది వచ్చి మోకాళ్ళ మీద కూలబడి, ఆ గుర్తులోని దుమ్మంతా చిటికెన వేలి గోటితో తీశాడు, చెవిలో గులిమి తీసినంత జాగ్రత్తగా. బావ బొటనవేలి గోరు లేచిపోయింది, దాని సంగతి ఇంకా ఎవరూ చూసుకోలేదు.

వాకీటాకీ కోసం బామ్మర్ది చెయ్యి చాచేసరికి అది బావ చేతిలో ఉంది. ఆయనకి దాంతో మాట్లాడటం అలవాటు లేదు. మీట నొక్కడం మర్చిపోయి మొదట రెండు వాక్యాలు గాలికి చెప్పాడు. బామ్మర్ది మీట చూపిస్తే మళ్ళీ మొదలుపెట్టాడు.

"మేడం, నేనండీ, బావని. రాయి దొరికింది. మావాడు చెప్పింది అబద్ధం, నమ్మకండి. వాడి దిక్కు సరిగ్గానే ఉంది, ముందునుంచీ సరిగ్గానే ఉంది. నా అడుగు తగ్గింది. రాయికి నూట మూడు అడుగులు ఇవతలే ఆగిపోయాను."

ఆమె అడిగింది ఒక్కటే, ఆ రెండు రాళ్ళ దగ్గర కూడా అంతేనా అని. అంతేనండీ, అన్నాడు బావ. అవి కూడా అక్కడే ఉంటాయి, మేము ఆగిన చోటికి ముందు, గీత మీదే, అన్నాడు. నడిచి చూపిస్తానన్నాడు. అడుగు ఇప్పుడు ఎంతుందో మళ్ళీ కొలిచి రాసుకోమన్నాడు, పాత అంకె కొట్టేయమన్నాడు.

మళ్ళీ గరగర. దిక్సూచి వాడి దగ్గరే ఉంచుకోమని చెప్పండి, అంది ఆఫీసరమ్మ. తర్వాత కొంచెం ఆగి, "మరి ఆ రెండూ రేపు వెళ్ళగలరా, పెద్దాయనా?" అంది.

బావ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. మోకాలి గుడ్డ జారి పాదం మీద పడి ఉంది. వేలి చివర నెత్తురు కారి గడ్డకట్టింది. జీపు దాకా తిరిగి వెళ్ళాల్సిన పదహారు వందల అడుగులు ఇంకా అలాగే ఉన్నాయి, వాటిని నడిచిపెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

"ఎల్లుండి వెళ్తానండీ," అన్నాడు. "రేపటికి నాకు కాళ్ళు లేవు."

బామ్మర్దికి నవ్వు వచ్చేసింది. పొద్దున రాని నవ్వు కూడా కలిసి వచ్చినట్టుంది, ఆపుకోలేక తాడు కట్టిన ప్యాంటు రెండు చేతులతో పట్టుకుని నవ్వాడు. బావ వాకీటాకీ వాడి ఒళ్ళో పడేసి, చెయ్యి పైకి చాచాడు. వాడు లేచి, రెండు పాదాలూ నేలకి తన్నిపెట్టి, ఆయన్ని పైకి లాగాడు.